ఒక ప్రామాణిక ప్రేమ పంపగోరుచున్నాము

ఆ జిల్లా తూనికలు కొలతల కార్యాలయంలో ఒక నియమం ఉంది. ఏ వస్తువునైనా "తక్కువ తూగింది" అనాలంటే పక్కన నమూనా రాయి ఉండాలి. అంటే ఇత్తడిది, సీసం సీలు పడ్డది, ఏడాదికోసారి పైవాళ్ళు చూసి సరేనన్న అసలు తూనికరాయి. అది లేకుండా ఉత్త చేత్తో ఎత్తి చూసి "ఇది కిలో లేదు" అనే అధికారం ఇన్‌స్పెక్టరుకే కాదు, మంత్రిగారికి కూడా లేదు. జరిగిందంతా ఈ నియమం వల్లే జరిగింది కాబట్టి ముందే చెప్పుకోవడం మంచిది.

సోమేశం ఆ ఆఫీసులో ఏ-సెక్షను సీనియర్ అసిస్టెంటు. సెలవులు, బదిలీలు, క్రమశిక్షణ చర్యలు ఆ సెక్షనువే. పదిహేడేళ్ళ సర్వీసులో ఒక్క మెమో పుచ్చుకోలేదు, కొన్ని వందల మెమోలు రాసి ఇచ్చాడు. మనిషి నెమ్మది. పెళ్ళి కాలేదు. "ఇంట్లో ఎవరుంటారండీ?" అని ఎవరైనా అడిగితే "రూమ్మేటు ఉన్నాడండి" అంటాడు. ఆ రూమ్మేటు పేరు నూకరాజు, క్లాక్ టవరు దగ్గర వాచీలు బాగుచేస్తాడు. ఇద్దరూ ఒక ఇంట్లో ఉండబట్టి పద్నాలుగేళ్ళు.

ఈ సోమేశం ఒక వారపత్రికలో సీరియల్ నవల రాస్తున్నాడు. పేరు "రేవు దగ్గర డ్రాయింగు మాస్టారు". పడవ నడిపే కోదండం అనే అతనికీ, అవతలి ఒడ్డు బళ్ళో బొమ్మలు నేర్పే ఇమాన్యుయేలు మాస్టారుకీ మధ్య ప్రేమ కథ. ఇరవై రెండు వారాలుగా సొంతపేరుతో అచ్చవుతున్నా ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. ఆ ఆఫీసులో ఎవరూ ఏమీ చదవరు. సోమేశం ధైర్యమంతా అదే.

ఆ ధైర్యం మంగలి షాపులో చెడింది. ఇన్‌స్పెక్టరు మృత్యుంజయరావు గడ్డానికి నురగ పట్టించుకుని కూర్చుని, వేరే దారి లేక చేతికందిన వారపత్రిక తెరిచాడు. కోదండం మాస్టారి గొడుగు కింద నిలబడ్డ చోట చదవడం మొదలుపెట్టి, కోపం తెచ్చుకుని లేవబోయాడు. గొంతు మీద కత్తి ఉండటం వల్ల లేవలేకపోయాడు. అందుకని చివరిదాకా చదవాల్సి వచ్చింది. చివర చిన్న అక్షరాల్లో "రచయిత తూనికలు కొలతల శాఖ ఉద్యోగి" అని ఉంది.

మర్నాడు మధ్యాహ్నానికి సంగతి ఆఫీసంతా పాకింది. స్టోరు గదిలో తక్కెళ్ళ బల్ల చుట్టూ కూర్చుని ఏడుగురు కలిసి అన్నం తినడం వాళ్ళ ఆనవాయితీ. ఆ రోజు సోమేశం క్యారియరు పట్టుకుని వెళ్ళేసరికి ఆరు కుర్చీలే ఉన్నాయి.

"ఏడోది విరిగింది సోమేశం గారూ. మీరు మీ సీట్లోనే కానిచ్చేయండి," అన్నాడు మృత్యుంజయరావు. పక్కనున్నవాళ్ళు క్యారియర్లలోకి చూసుకుంటూ నవ్వారు. ఆ ఏడో కుర్చీ మూల నిలబెట్టి ఉంది, నాలుగు కాళ్ళూ బాగానే ఉన్నాయి. మజ్జిగ గ్లాసు కూడా వేరు పెట్టమని అటెండరు గౌరమ్మకి చెప్పారు.

గౌరమ్మ సాయంత్రం గ్లాసులన్నీ ఒకే బకెట్లో ముంచింది. "ఎవులిది ఏదో నాకేటి గుర్తుంటాది బావూ, అన్నీ కలిపే కడిగీసినాను," అని సోమేశంతో చెప్పి వెళ్ళిపోయింది.

సోమేశం ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. పదిహేడేళ్ళు వాళ్ళ పిల్లల పరీక్షలకి, తల్లుల ఆపరేషన్లకి సెలవు కాగితాలు రాసిపెట్టిన మనిషి. చాలా బాధపడ్డాడు. బాధపడుతున్నట్టు కనిపించకూడదని ఒక పాత ఫైలు తెరిచి, దాన్నే నాలుగు గంటల దాకా చూస్తూ కూర్చున్నాడు.

నాలుగు గంటలకి డిప్యూటీ కంట్రోలరు పరాంకుశం గారు పిలిచారు. ఆయన ఆ కార్యాలయాధిపతి. మంచినీళ్ళు అడగాల్సి వచ్చినా "జలము వలసియున్నది" అనే ధోరణి మనిషి.

"ఏమయ్యా, ఇద్దరు పురుషులు. వారి మధ్య ప్రేమ. దానికి రచయిత మన శాఖ ఉద్యోగి! ప్రజలు మన కిలోని నమ్ముతారా ఇక?"

"నవలకీ కిలోకీ సంబంధం లేదండి."

"శాఖ ప్రతిష్ఠ అవిభాజ్యము. అయినా నేను దయగలవాణ్ణి. ఒక్క సవరణ చెయ్యి. ఆ మాస్టారుని పంతులమ్మ గారిని చేసెయ్యి. ఫైలు ఇక్కడే మూసేస్తాను."

"ఆయన మీసాలు మూడో వారంలోనే వచ్చేశాయండి."

"తీయించెయ్యి!"

సోమేశం బల్ల మీదున్న గాజు పేపరువెయిటు వంక చూశాడు. అది గంపెడు మెమోల మీద బరువుగా కూర్చుని ఉంది. "తీయించలేనండి," అన్నాడు.

"అయితే నవల తక్షణమే నిలుపుదల. అభియోగపత్రం తప్పదు. సిద్ధం చేయించు."

"ఎవరి చేతండి?"

పరాంకుశం గారు ఒక్క క్షణం ఆలోచించారు. అభియోగపత్రాలు రాసేది ఏ-సెక్షను. ఏ-సెక్షనులో ఉన్నది సోమేశం ఒక్కడే. "నీ చేతే. నేను చెబుతాను, రాసుకో," అన్నారు. అలా తన మీద అభియోగం తనే రాసుకున్న ఉద్యోగిగా సోమేశం ఆ రోజు ఫైల్లోకి ఎక్కాడు. వాక్యం పరాంకుశం గారిదే:

"సదరు ఉద్యోగి రచించిన నవలయందు వర్ణింపబడిన ప్రేమ, ప్రేమకు ఉండవలసిన ప్రమాణము కన్న తక్కువగా ఉన్నదని ఈ కార్యాలయము గమనించడమైనది."

ఆయనకి ఆ వాక్యం ఎంత నచ్చిందంటే రెండుసార్లు పైకి చదివించుకున్నారు. సోమేశం శుభ్రంగా టైపు చేసి, అలవాటు ప్రకారం పక్కన కార్యాలయ గమనిక పెట్టాడు: "ముసాయిదా సమర్పించడమైనది. అయితే పైన పేర్కొన్న ప్రమాణము ఈ కార్యాలయమునందు ఎక్కడ భద్రపరచబడి ఉన్నదో, చివరగా ఎప్పుడు తనిఖీ అయినదో తెలియజేయగలరు." ఇది రాసేటప్పుడు అతని ముఖంలో ఏ భావమూ లేదు. ఏ-సెక్షనులో పదిహేడేళ్ళు చేస్తే ముఖానికి ఆ మాత్రం తర్ఫీదు వస్తుంది.

ఆ గమనిక చదవగానే పరాంకుశం గారికి చెమటలు పట్టాయి. ఆరేళ్ళ కిందట ఒక బెల్లం వర్తకుడి మీద ఆయన కేసు పెట్టారు. నమూనా రాయికి గడువు దాటి రెండు రోజులైందని వర్తకుడి లాయరు కోర్టులో నిరూపించాడు. ఆ రోజు జడ్జిగారు అన్న మాటలు ఆయనకి ఇంకా గుర్తున్నాయి. రాయి లేకుండా కేసు పెట్టకూడదని ఆనాడే ఒట్టు పెట్టుకున్నారు. వెంటనే ప్రధాన కార్యాలయానికి ఉత్తరం వెళ్ళింది: "అత్యవసర విచారణ నిమిత్తము ఒక ప్రామాణిక ప్రేమ పంపగోరుచున్నాము."

పదకొండు రోజులకి జవాబు వచ్చింది. "కోరిన సామగ్రి ప్రస్తుతము నిల్వ లేదు. గతములో ఉండెనా అన్నది పరిశీలనలో ఉన్నది. స్థానికముగా లభ్యమగు వాటిలో మేలైనదానిని ఎంపిక చేసి, సీలు వేసి వినియోగించుకొనగలరు."

అలా ప్రేమ ప్రమాణ నిర్ధారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు పరాంకుశం గారు, సభ్యుడు మృత్యుంజయరావు. సంఘాల సమావేశాలు ఏర్పాటు చేసేది ఏ-సెక్షను కాబట్టి కన్వీనరు సోమేశం.

"కొలవాలంటే ముందు అంశాలు తెలియాలి. నవలలో ప్రేమ ఏ ఏ పనులుగా ఉన్నదో జాబితా తీయవలెను," అన్నారు అధ్యక్షులు. మృత్యుంజయరావు ఎర్ర పెన్సిలు చెక్కుకుని, ఇరవై రెండు వారాలూ ఇంటికి పట్టుకెళ్ళి చదివాడు. తిరిగొచ్చినప్పుడు ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

"ఎంత వెతికినా ఏటీ దొరకలేదు సార్. మొత్తం మీద ఘోరమైంది పద్నాలుగో వారం. కోదండం అరచేతిలో గాలం దిగిపోతే మాస్టారు తీశాడు. తీసి, నోటితో ఊదాడు సార్."

"ఊదితే?"

"నొప్పి తగ్గింది సార్."

"అది ప్రథమ చికిత్స అవుతుందయ్యా. ఇంకేమున్నాయి?"

ఇంకా ఉన్నవి చాలా మామూలువి. జబ్బు మాత్రలు గుర్తుపెట్టుకోవడం, కోపం వస్తే ఎవరు ముందు మాట్లాడటం, దారిలో ఎలా నడవడం, చిన్నప్పుడు ఏమవ్వాలనుకున్నదీ తెలిసి ఉండటం. మొత్తం పద్నాలుగు. వీటినే ప్రశ్నలుగా మార్చి ఒక ఫారం తయారుచేశారు. పంతొమ్మిది మంది సిబ్బందీ, మినహాయింపు లేకుండా, తాము ఎవరితో జీవిస్తున్నారో ఆ మనిషి గురించి జవాబులు రాయాలి. దుకాణాల సరుకు పరీక్షకి వెళ్ళేటప్పుడు పేరు లేకుండా నంబరుతో వెళుతుంది కదా, అలాగే ఫారాలకి కూడా పేర్లు లేవు. కవర్లు అధ్యక్షుల వారు స్వయంగా కలిపి పంచారు.

ఆ రెండు రోజులు ఆఫీసు వరండాలో నడవడానికి చోటు లేదు. ప్రతి స్తంభం దగ్గరా ఒక ఉద్యోగి ఫోను చెవికి పెట్టుకుని గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"ఒసే, నువ్వు ఏదైనా మాత్ర వేసుకుంటావా? ... ఊరికే అడిగాను ... ఒట్టు, ఏమీ చెయ్యలేదు నేను!"

"చిన్నప్పుడు నువ్వేం అవ్వాలనుకున్నావు? ... ఇప్పుడెందుకంటే ... ఏడుస్తున్నావేమిటి?"

సోమేశం ఫారం రెండు రోజులు డ్రాయరులోనే ఉంది. ఖాళీగా ఇచ్చేయొచ్చు. పెళ్ళికాని వాడు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు. రాసినా ఎవరిదని తెలిసిపోతే? ఇల్లు అద్దెకిచ్చినాయన మర్నాడే ఖాళీ చేయమంటాడు. నూకరాజు షాపులో వాచీలు ఇచ్చినవాళ్ళు పట్టుకుపోతారు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. కానీ ఆ పద్నాలుగు ప్రశ్నలకీ తనకి జవాబు తెలుసన్న సంగతి కూడా తెలుసు. పద్నాలుగేళ్ళలో ఇవి తనని అడిగిన మొదటి మనిషి ప్రభుత్వమే. మూడో రోజు మధ్యాహ్నం, ఒంటరిగా అన్నం తినే ఆ అరగంటలో, దస్తూరీ తెలియకుండా అన్నీ టైపు చేసేశాడు. కవరు మీద నంబరు పదకొండు.

సంఘం కూర్చుంది. కవర్లు విప్పారు. ఒకదాంట్లో "మాత్ర: తెల్లది" అని ఉంది. ఇంకోదాంట్లో పద్నాలుగు ప్రశ్నలకీ "వర్తించదు". మరొకరు భార్య చిన్ననాటి ఆశ దగ్గర "నన్ను పెళ్ళి చేసుకోవడం" అని రాసి, కింద గీత గీశారు. మూడు ఫారాలు పూర్తిగా ఖాళీ. పద్దెనిమిదీ తక్కువ తూగాయి. పదకొండో నంబరు తీసి మృత్యుంజయరావు చదవడం మొదలుపెట్టాడు.

"మాత్ర: అన్నం తిన్నాక షుగరు మాత్ర. సగం విరిచి వేసుకుని, మొత్తం వేసుకున్నానని అబద్ధం. మిగతా సగాలు టీ పొడి డబ్బా వెనక దొరుకుతాయి. గొడవయ్యాక ముందు మాట్లాడేది నేను కాదు. 'కరెంటు పోయిందా?' అని అవతలి నుంచి ప్రశ్న వస్తుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. అదే రాజీ."

మృత్యుంజయరావు పేజీ తిప్పి కింది అంశాలకి వెళ్ళాడు.

"తొమ్మిదో అంశం. దారిలో నడిచేటప్పుడు మా మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంచుతాం. అలవాటు ... సార్, ఒక మనిషి అంటే ఎన్ని సెంటీమీటర్లో రాయలేదు."

"సుమారుగా వేసుకో. తర్వాత?"

"పద్నాలుగు. మీకు అన్నిటికన్నా భయం ఏది? ఆస్పత్రిలో 'పేషెంటుకి మీరేమవుతారు?' అని అడుగుతారు. ఏం చెప్పాలో ఇప్పటికీ అనుకోలేదు." మృత్యుంజయరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇదేటి సార్, ఆలుమగలకి ఈ సందేహం ఎందుకు?"

"వినయమయ్యా," అన్నారు పరాంకుశం గారు.

ఆ మాట అన్న తీరు చూసి మృత్యుంజయరావుకి హఠాత్తుగా వెలిగింది. "సార్! ఇది తమరిది కాదు గదా?"

పరాంకుశం గారు కాదనలేదు. అవుననీ అనలేదు. ఒక నవ్వు నవ్వారు. ఆ నవ్వు కింద ఎవరైనా ఏ సంతకమైనా పెట్టుకోవచ్చు. బల్ల చివర కూర్చున్న కన్వీనరు మినిట్స్ పుస్తకంలో "అధ్యక్షుల వారు నవ్విరి" అని రాసుకున్నాడు.

పదకొండో నంబరు ఫారానికి రాగి తీగ చుట్టి, సీసం సీలు వేసి, భద్రత గదిలో కిలో నమూనా పక్కన గాజు పెట్టెలో పెట్టారు. జిల్లాలో ఇక అదే ప్రామాణిక ప్రేమ. ఇంత మంచి ప్రేమ మన ఆఫీసులో ఉండి ఇన్నాళ్ళూ బయటపడలేదే అని సిబ్బంది సంబరపడి, పరాంకుశం దంపతులకి సన్మానం ఏర్పాటు చేశారు. శాలువా, పూలదండలు, ఫైలు సైజు జ్ఞాపిక. నవల మీద తీర్పు కూడా అదే సభలో చెప్పేస్తామని మృత్యుంజయరావు ప్రకటించాడు.

పరాంకుశం గారి భార్య కనకవల్లి గారు సభకి వచ్చారు. భర్త ఆఫీసులో ఆవిడ అడుగుపెట్టడం అదే మొదటిసారి. మృత్యుంజయరావు గాజు పెట్టె తెచ్చి, అద్దంలోంచే ఫారం మొత్తం పైకి చదివాడు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక్క మాట పోనివ్వకుండా విన్నారు. చప్పట్లు ఆగాక మైకు అందుకున్నారు.

"చాలా బాగుందండీ. కానీ ఇది నా గురించి కాదు. నాకు షుగరు లేదు, థైరాయిడు. తొమ్మిదేళ్ళయింది. ఈయనకి తెలియదు."

పరాంకుశం గారు దండ సర్దుకున్నారు.

"గొడవయ్యాక ముందు మాట్లాడేది ఎప్పుడూ నేనే," అన్నారు ఆవిడ అదే గొంతుతో. "ఇది రాసిన మనిషి ఎవరో గానీ, వాళ్ళింట్లో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు." మైకు బల్ల మీద పెట్టి కూర్చున్నారు.

సభ గుసగుసలాడింది. పద్దెనిమిది మంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది తమదేనని ఒప్పుకోవాలని చాలామందికి ఉంది కానీ, మనింట్లో ఆ ఫ్యాను రాజీ ఎప్పుడు జరిగిందని ఇంటికెళ్ళాక అడిగితే సమాధానం చెప్పుకోవాలి. మృత్యుంజయరావు వెంటనే నియమాల పుస్తకం తీశాడు.

"యజమాని తెలియని తూనికరాయిని చలామణీలో ఉంచరాదు సార్. సీలు కోసి, ధ్వంసం చేసి, పంచనామా రాయాలి." కత్తెర కోసం స్టోరులోకి మనిషిని పంపించాడు.

సోమేశం వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. నోరు మూసుకుంటే చాలు. కాగితం ముక్కలవుతుంది, ఇల్లు ఉంటుంది, షాపు ఉంటుంది. రేపు మళ్ళీ రూమ్మేటు ఉన్నాడని చెప్పుకోవచ్చు. కత్తెర వచ్చింది. మృత్యుంజయరావు పెట్టె మూత తీసి రాగి తీగ పట్టుకున్నాడు.

"పదకొండో నంబరు నాదండి," అన్నాడు సోమేశం. లేచి నిలబడ్డ సంగతి అతనికి తర్వాత తెలిసింది.

"నీకు వివాహము కాలేదు గదయ్యా!" అన్నారు పరాంకుశం గారు.

"కాలేదండి. చేసుకోనివ్వరండి. నూకరాజండి ఆయన పేరు." గాజు పెట్టె వైపు చూపించాడు. "ఆ షుగరు మాత్రలు ఆయనవే."

ఎవరో కిసుక్కుమన్నారు, కానీ పక్కవాళ్ళెవరూ కలవకపోవడంతో అది దగ్గుగా మారింది.

"క్లాక్ టవరు నూకరాజా?" అన్నారు కనకవల్లి గారు. "మా గోడగడియారం బాగుచేసింది ఆయనే. 'పాడవలేదమ్మా, కీ ఇచ్చేవాళ్ళు లేరంతే' అన్నాడు. కోదండం కబుర్లు మీకు మరి అందుకే అంత బాగా తెలుసన్నమాట. ఇరవై మూడో వారం ఎప్పుడొస్తుందండీ?"

పరాంకుశం గారు భార్య వైపు తిరిగారు. ఆయన ఇంటికి ఆ వారపత్రిక వస్తుందన్న సంగతి కూడా ఆయనకి ఆ రోజే తెలిసింది.

మృత్యుంజయరావు ఇంకా తీగ పట్టుకునే ఉన్నాడు. "కోసేయమంటారా సార్?"

"యజమాని తెలిసెను గదా, ఎలా కోస్తావు?" అన్నారు అధ్యక్షులు నీరసంగా. "ఒకసారి సీలు పడ్డాక ప్రధాన కార్యాలయం అనుమతి లేకుండా తీగ ముట్టరాదు. బెల్లం కేసు మర్చిపోయావా? వదులు. తూకం కానీ."

అంతమంది ముందూ తూకం జరిగింది. ఒక చేత నవల, ఒక చేత గాజు పెట్టె పెట్టుకుని మృత్యుంజయరావు పద్నాలుగు అంశాలూ సరిచూశాడు. పదమూడు సరిపోయాయి. తొమ్మిదో దాని దగ్గర ఆగాడు.

"ఇక్కడ తేడా ఉంది సార్. నమూనాలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. నవలలో కోదండం, మాస్టారు రేవు గట్టు మీద ఖాళీ లేకుండా నడుస్తారు. నవల ఎక్కువ తూగింది."

పరాంకుశం గారు కళ్ళు మూసుకుని నియమం గుర్తుతెచ్చుకున్నారు. ఆయన మూర్ఖుడే కానీ నియమం తెలిసిన మూర్ఖుడు. ఉత్తర్వు ముసాయిదా ఏ-సెక్షనే రాసింది. ఆయన ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టారు: "నమూనా కన్న తక్కువ తూగుట నేరము. ఎక్కువ తూగుట నేరము కాదు. అభియోగము ఉపసంహరించడమైనది."

సభ అయ్యాక సన్మానం శాలువా ఎవరికి చెందుతుందో నియమాల్లో దొరకలేదు. గౌరమ్మ దాన్ని మడతపెట్టి, స్టోరు గది మూలనున్న ఏడో కుర్చీ మీద వేసి, ఆ కుర్చీని తక్కెళ్ళ బల్ల దగ్గరికి జరిపి వెళ్ళిపోయింది.

అయిదున్నరకి సోమేశం క్లాక్ టవరు దగ్గరికి వెళ్ళాడు. నూకరాజు కంటికి భూతద్దం పెట్టుకుని ఒక లేడీస్ వాచీ మీదకి వంగి ఉన్నాడు.

"ఏటయింది? ఉద్యోగం ఉందా, ఊడిందా?"

"ఉంది. మనకి సీలు వేశారు."

నూకరాజు భూతద్దం తీశాడు. సోమేశం అంతా చెప్పాడు. పేరు చెప్పానన్న దగ్గర ఆగి, అతని ముఖం చూశాడు. నూకరాజు బల్ల మీది వాచీలు ఒక్కొక్కటీ డ్రాయరులో సర్ది, "ఎన్నాళ్ళు చెల్లుతాది ఆ సీలు?" అన్నాడు.

"ఏడాది. వచ్చే ఏడు మళ్ళీ చూపించుకోవాలి."

"మరి ఆ తక్కువ తూగిన పద్దెనిమిదీ?"

"వాటికి తనిఖీ లేదు."

నూకరాజు గట్టిగా నవ్వి, షట్టరు దించి తాళం వేశాడు. ఇద్దరూ ఇంటివైపు నడిచారు. సోమేశం అలవాటు కొద్దీ పక్కకి జరిగి ఒక మనిషికి చోటు వదిలాడు.

"ఎక్కువ తూగితే తప్పు లేదన్నావు గదా," అని నూకరాజు ఆ చోట్లోకి వచ్చాడు.